1,200 ఎకరాల సాగునీటి సంఘం: తీర్మానాల పుస్తకం నుంచి శివారు తూము దాకా

కాలువ చివరన ఉన్న శివారు రైతు నీళ్లు అందలేదని వస్తే నీటి సంఘం పాలకవర్గం ముందుగా తెరవాల్సింది కాలువ నీటిమట్టాలు రాసే గేజీ పుస్తకం. సంఘం హద్దు మొదలయ్యే చోట ఆ వారం రోజుకెన్ని క్యూసెక్కులు దిగాయో అందులో రాసి ఉంటే, లోటు పై కాలువదా, తమ పంపకానిదా అన్నది కూర్చున్నచోటే తేలిపోతుంది. రాసి లేకపోతే నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ‘మేం వదిలాం’ అంటారు, ఎగువ రైతులు ‘మాకే చాలలేదు’ అంటారు, ప్రెసిడెంటు ఇద్దరి మధ్యా నలుగుతాడు. చట్టం సంఘానికి చాలా అధికారాలే ఇచ్చింది. ఆచరణలో మాత్రం సంఘం ఎంతవరకు కొలవగలదో అంతవరకే దాని మాట చెల్లుతుంది.

ఇక్కడ తీసుకున్న కేసు గోదావరి, కృష్ణా డెల్టాల్లో కనిపించే మామూలు సంఘం. పంటకాలువ నుంచి చీలిన నాలుగు కిలోమీటర్ల పిల్లకాలువ, దాని మీద తూములు, కింద వరి. లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఆయకట్టును 1,200 ఎకరాలుగా, సంఘంలో ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకునే ప్రాదేశిక నియోజకవర్గాన్ని (టీసీ) 100 ఎకరాలుగా పెట్టుకున్నాం. మీ సంఘం 900 ఎకరాలదైనా 2,500 ఎకరాలదైనా అంకెలు మారతాయి, లెక్క వేసే తీరు మారదు.

హద్దు ఊరిది కాదు, కాలువది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన 11వ నంబరు చట్టం, అంటే రైతుల ఆధ్వర్యంలో నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం, ఈ సంఘాలన్నిటికీ మూలం. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్రమంతటా ఒకేసారి ఎన్నికలు పెట్టి 10,292 సంఘాలను ఏర్పాటు చేశారు. భారీ ప్రాజెక్టుల కింద, కింది నుంచి పైకి, మూడంచెలు: నీటి సంఘం, డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ప్రాజెక్టు కమిటీ. మధ్యతరహా ప్రాజెక్టుల కింద రెండు అంచెలు, చెరువుల కింద సంఘం ఒక్కటే.

సంఘం పరిధిని నోటిఫై చేసేది కలెక్టరు. గీత గీయాల్సింది నీరు పారే దారిని బట్టి, రెవెన్యూ గ్రామాన్ని బట్టి కాదు. వినడానికి చిన్న సంగతే, సగం తగాదాలు మాత్రం ఇక్కడే పుడతాయి. ఒక ఊరి పొలం రెండు సంఘాల్లో పడుతుంది, ఒక సంఘంలో మూడు ఊళ్లు కలుస్తాయి. పంచాయతీ ఎన్నికల పట్టింపులు వెంట తెచ్చుకున్న మూడు ఊళ్ల వాళ్లు ఒకే తూము దగ్గర నిలబడాలి. అయినా ఈ పద్ధతే సరైనది. ఊరి హద్దును బట్టి సంఘం పెడితే ఒకే తూముకు ఇద్దరు ప్రెసిడెంట్లు తయారవుతారు, ఏ ఒక్కరూ నీటికి జవాబుదారీ కారు.

ఇదే సూత్రం సంఘం లోపల నియోజకవర్గాల విభజనకూ వర్తిస్తుంది. తొలి చట్టంలో సంఘానికి నాలుగు నుంచి పది దాకా నియోజకవర్గాలు ఉండేవి. తర్వాతి సవరణలతో భారీ, మధ్యతరహా ప్రాజెక్టుల కింద పన్నెండు, చిన్నతరహా కింద ఆరు అయ్యాయి. గీసేటప్పుడు ప్రతి టీసీ హద్దు ఏదో ఒక తూము దగ్గర ముగిసేలా చూడాలి. ఒక తూము కింది వంద ఎకరాలను ఇద్దరు టీసీ సభ్యుల మధ్య చీలిస్తే, ఆ తూము తలుపు ఎత్తినవాడెవడో, దించమన్నవాడెవడో ఎప్పటికీ తేలదు. శివారు టీసీని పెద్దదిగా, ఎగువ టీసీలను చిన్నవిగా గీయడం ఇంకో పొరపాటు. అలా చేస్తే పాలకవర్గంలో ఎగువ చేతులే ఎక్కువ లేస్తాయి, వంతుల తీర్మానం వచ్చిన ప్రతిసారీ శివారు ఓడిపోతుంది.

సభ్యుల జాబితా సంగతి మరీ సున్నితం. ఒకే భూమికి యజమానీ కౌలుదారూ ఇద్దరూ రికార్డులో ఉంటే సభ్యత్వం కౌలుదారుకే అని చట్టం స్పష్టంగా చెప్పింది. డెల్టాలో సాగు చేసేవారిలో కౌలుదారులే చాలామంది, సాగు రికార్డైన అడంగల్‌లో పేరు ఉండేది మాత్రం కొందరికే. దాంతో ఓటు పట్నంలో ఉన్న భూస్వామిది, రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని బోదె (పొలాలకు నీరు తీసుకెళ్లే చిన్న కాలువ) మీద తిరిగేది కౌలుదారు. పాలకవర్గం ఓటరు జాబితాను మార్చలేదు గానీ, వంతుల జాబితాను మాత్రం సాగుదారు పేరుతో, ఫోన్ నంబరుతో వేరుగా రాసుకోవచ్చు. రాసుకుని తీరాలి కూడా. వంతు వచ్చిందని యజమానికి ఫోన్ చేసి ప్రయోజనం లేదు.

పాలకవర్గం పని ఎలా సాగుతుంది

టీసీకొక సభ్యుడు చొప్పున పన్నెండు మంది, వారిలోంచి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు. 1997లో అధ్యక్షుణ్ణి రైతులే నేరుగా ఎన్నుకున్నారు. తర్వాత టీసీ సభ్యులు ఎన్నుకునే పద్ధతి వచ్చింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్నికలూ ఇదే వరసలో నడిచాయి. నీటిపారుదల శాఖ ఏఈ సాంకేతిక సలహా ఇచ్చి తీర్మానాలను అమలు చేయించే అధికారిగా సమావేశాల్లో కూర్చుంటారు, ఆయనకు ఓటు లేదు. ఆర్థిక వనరులు, పనులు, నీటి యాజమాన్యం, పర్యవేక్షణ-శిక్షణ అని నాలుగు ఉపసంఘాలు వేసుకోవాలి. చాలాచోట్ల పనుల ఉపసంఘం ఒక్కటే బతికి ఉంటుంది. బిల్లు వచ్చేది దాని దగ్గరే కదా! నీటి యాజమాన్య ఉపసంఘంలో మాత్రం ఇద్దరు శివారు టీసీ సభ్యులు, ఒక ఎగువ సభ్యుడు ఉండేలా చూసుకుంటే మిగతా పని సగం సులువవుతుంది.

తీర్మానం రాసే తీరు గురించి ఒక మాట. తీర్మానాల పుస్తకాల్లో తరచూ కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: ‘కాలువ మరమ్మతులు చేయించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’ దీనితో ఏ ఏఈ అంచనా వేయలేరు, ఏ ఆడిటరూ ఒప్పుకోడు. పనికొచ్చే తీర్మానం ఇలా ఉంటుంది: ‘పిల్లకాలువ 1.200 కి.మీ. నుంచి 1.800 కి.మీ. వరకు సగటున 30 సెం.మీ. పూడిక తీయుట, 7వ నంబరు తూముకు కొత్త తలుపు, తిప్పుడు రాడ్డు అమర్చుట, పర్యవేక్షణ ఫలానా టీసీ సభ్యుడు, కాలువకు నీరు కట్టేసిన పది రోజుల్లో కొలతలు, నీరు వదిలే పది రోజుల ముందే పని పూర్తి.’ ఎక్కడ, ఎంత, ఎవరు, ఎప్పటిలోగా అనే నాలుగూ లేకపోతే దాన్ని తీర్మానం అనలేం, అది కోరిక మాత్రమే. ఓడిన అభిప్రాయం కూడా పుస్తకంలో రాయాలి. వంతుల విషయంలో ఒక సభ్యుడు వ్యతిరేకించి ఉంటే, ఆ మాట రాసి ఉండటం రేపు డిస్ట్రిబ్యూటరీ కమిటీ ముందు సంఘానికే మేలు చేస్తుంది.

1,200 ఎకరాలకు ఎన్ని క్యూసెక్కులు

ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపు అడుగు) నీరు రోజంతా పారితే 86,400 ఘనపు అడుగులు, సుమారు 2,447 ఘనపు మీటర్లు. ఊడ్చిన (నాటిన) వరికి ఆవిరి, ఇంకుడు కలిపి రోజుకు పది మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు 40 ఘనపు మీటర్ల పైచిలుకు కావాలి. అంటే క్యూసెక్కుకు 60 ఎకరాలు. నల్లరేగడిలో అంతకంటే ఎక్కువే తడుస్తుంది, ఇసుక పర్రలో తక్కువ. మన సంఘానికి పొలం దగ్గర 20 క్యూసెక్కులు కావాలి. మట్టి కాలువలో ఇంకిపోయేది, తూముల దగ్గర కారిపోయేది కలిపి ఐదో వంతు పోతుందనుకుంటే, తల దగ్గర 25 క్యూసెక్కులు దిగాలి.

ఈ 25 నిలకడగా అందినా జూన్, జూలై గడవవు. దమ్ముకు, అంటే నాటే ముందు పొలాన్ని బురదగా దున్నడానికి, కావాల్సిన నీరు వేరు. పొలాన్ని నానబెట్టి దమ్ము చేయడానికి 200 మిల్లీమీటర్లు పెట్టుకుంటే, 1,200 ఎకరాలకు దాదాపు 397 క్యూసెక్కు-రోజులు. ఇరవై క్యూసెక్కులతో ఇరవై రోజుల్లో అయిపోతుందని సమావేశాల్లో లెక్క చెబుతుంటారు. ఆ లెక్కలో ఒక లొసుగు ఉంది. మొదటి వారం ఊడ్చిన పొలం రెండో వారం నుంచి తన పది మిల్లీమీటర్లు తాను తాగుతూనే ఉంటుంది, దమ్ముకు మిగిలే నీరు రోజురోజుకూ తగ్గుతుంది. వాన చుక్క లేకుండా ఈ లెక్క వేసి చూస్తే, ఇరవయ్యో రోజుకు ఊడ్పులు పడేది సుమారు 760 ఎకరాల్లోనే. నలభయ్యో రోజుకు 1,040. చివరి 160 ఎకరాలు ఎవరివో చెప్పక్కర్లేదు.

అందుకే నారుమళ్ల దశలోనే పాలకవర్గం ఊడ్పుల వరస ఖరారు చేయాలి. శివారు టీసీల్లో నారు పది, పన్నెండు రోజుల ముందు పోయించి దమ్ము నీరు ముందు అక్కడికే పంపాలి. ఎగువన స్వర్ణ లాంటి దీర్ఘకాలిక రకం, శివారున తక్కువ కాలం రకం వేయమని సలహా ఇచ్చే సంఘాలు ఉన్నాయి. దీంట్లో తిరకాసు ఏమిటంటే, ఎగువ పంట ఆలస్యంగా కోతకొస్తే అక్కడి పారుదల నీరు పల్లపు శివారు మీద పడి పనలు తడుస్తాయి. రకం కంటే తేదీని నియంత్రించడమే నయం.

గేజీ అబద్ధం చెప్పే సందర్భాలు

సంఘం తల దగ్గర కాంక్రీటు డ్రాపు (కాలువ నీరు కిందికి దూకే కట్టడం) ఒకటి ఉంటే అదే కొలబద్ద. నీరు దూకే వెడల్పాటి పై అంచు, అంటే క్రెస్టు, ఆరడుగులు ఉండి, దానిపై ఎగువన ఒక అడుగు నీరు నిలిస్తే సుమారు 18.5 క్యూసెక్కులు దూకుతున్నట్టు. సూత్రం చిన్నదే: క్రెస్టు వెడల్పును అడుగుల్లో తీసుకుని 3.09తో గుణించి, దాన్ని నీటి ఎత్తు ఒకటిన్నర ఘాతంతో గుణించాలి. 0.9 అడుగుకు 15.8 క్యూసెక్కులు, 1.1 అడుగుకు 21.4. ఒక్క అంగుళం పెరిగితే రెండు క్యూసెక్కుల పైమాటే, అంటే 140 ఎకరాల నీరు. గేజీ మీద రంగు చెరిగిపోయి, కాలువ కాపలా ఉద్యోగి అయిన లష్కరు కంటి అంచనాతో రాసే చోట పోతున్నది ఈ 140 ఎకరాలే.

గేజీ రాత ఇచ్చే అంకె నిజం కావాలంటే డ్రాపు దిగువన నీరు స్వేచ్ఛగా దూకాలి. దిగువ నీటిమట్టం క్రెస్టు మీదకి ఎక్కి, ఎగువ ఎత్తులో మూడింట రెండు వంతులు దాటిందంటే సూత్రం చెల్లదు. ఇలా జరగడానికి ముఖ్య కారణాలు దిగువన పేరుకున్న గుర్రపుడెక్క, తూడు, ఎవరో వేసిన ఇసుక బస్తాల అడ్డుకట్ట. అప్పుడు గేజీ 1.2 అడుగులు చూపిస్తుంటుంది, పై ఆఫీసులో ‘నిండుగా వదిలాం’ అని నమోదవుతుంది, శివారులో మడి నెర్రెలు విచ్చుతుంటుంది. పై ఆఫీసూ శివారు రైతూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గేజీ పక్కన ‘దిగువ మట్టం’ అని ఇంకో గడి పెట్టి రెండూ రాయిస్తే ఈ గందరగోళం పోతుంది.

అనుమానం వచ్చినప్పుడు తేలుడు పద్ధతితో సరిచూసుకోవచ్చు. తిన్నగా ఉన్న 30 మీటర్ల కాలువ ముక్క చూసి, ఎండు కొబ్బరి పీచు ముద్దో సగం నింపిన సీసానో వదిలి సమయం చూడండి. అడుగు వెడల్పు 2 మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు, గట్లు ఒకటికి ఒకటి వాలుతో ఉంటే కోత వైశాల్యం 1.56 చదరపు మీటర్లు. 75 సెకన్లలో దాటితే ఉపరితల వేగం సెకనుకు 0.4 మీటర్లు, దాన్ని 0.85తో తగ్గిస్తే 0.34. గుణిస్తే 0.53 ఘనపు మీటర్లు, అంటే 18.7 క్యూసెక్కులు. మూడుసార్లు వదిలి సగటు తీయాలి, గాలి ఎదురుగా ఉన్నప్పుడు చేయకూడదు. ఈ కొలత ఏఈ సమక్షంలో తీసి పుస్తకంలో ఇద్దరూ సంతకాలు చేస్తే, ఆ సీజన్‌లో ‘నీళ్లు వదిలాం, వదల్లేదు’ వాదన దాదాపు ఉండదు.

పగలు రెండుసార్లు గేజీ చూసి రాత్రిని వదిలేయడం ఇంకో లోపం. తూములు తెరుచుకునేది, ఆయిల్ ఇంజన్లు కాలువలోకి దిగేది రాత్రే. అయిదు హార్స్‌పవర్ ఇంజను తక్కువ ఎత్తుకు అర క్యూసెక్కు తేలిగ్గా లాగేస్తుంది. ఎగువన పది ఇంజన్లు నడిస్తే అయిదు క్యూసెక్కులు, అంటే తల దగ్గర దిగిన దానిలో ఐదో వంతు, తూములతో పనిలేకుండానే వెళ్లిపోతుంది. శివారు చివరి తూము దగ్గర తెల్లవారుజామున మట్టం రాయిస్తే రాత్రి జరిగిందంతా అందులో కనిపిస్తుంది.

వంతులు: సమాన రోజులు, అసమాన నీరు

రబీ ముందు నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ఎంత ఆయకట్టుకు నీళ్లిస్తారో, ఏ తేదీన కాలువలు కట్టేస్తారో చెబుతారు. గోదావరి డెల్టాలో సీలేరు నుంచి వచ్చే నీటి మీద, కృష్ణా డెల్టాలో పై జలాశయాల నిల్వ మీద ఆ నిర్ణయం ఆధారపడుతుంది. మన సంఘానికి 25 బదులు 15 క్యూసెక్కులే వస్తాయని తేలిందనుకోండి. నష్టాలు పోను పొలానికి 12. అన్ని తూములూ తెరిచి ఉంచితే కాలువ మట్టం తగ్గిపోతుంది, మెరక తూములకూ శివారు తూములకూ నీరు ఎక్కదు. ఎగువ పల్లపు తూములు మాత్రం పారుతూనే ఉంటాయి. అందుకే వంతులు.

కాలువను రెండు భాగాలు చేసి, ఆరు టీసీలకు కొన్ని రోజులు, మిగతా ఆరింటికి కొన్ని రోజులు నీరంతా ఇవ్వాలి. ‘వాళ్లకు నాలుగు, మాకు నాలుగు’ అంటే న్యాయంగా వినిపిస్తుంది గానీ శివారుకు నష్టం. ఎగువ సగానికి వెళ్లేటప్పుడు పదో వంతు పోతే, మొత్తం నాలుగు కిలోమీటర్లు దాటి శివారుకు చేరేటప్పుడు ఐదో వంతు పోతుంది. 15లో ఎగువకు దక్కేది 13.5, శివారుకు దక్కేది 12. సమానంగా 54 క్యూసెక్కు-రోజులు అందాలంటే ఎగువకు నాలుగు రోజులు, శివారుకు నాలుగున్నర. ఎండిన దిగువ కాలువ మళ్లీ నిండడానికి పట్టే అర రోజు కూడా శివారు ఖాతాలోనే వేయాలి. మొత్తం తొమ్మిది రోజుల వంతు: శివారుకు అయిదు, ఎగువకు నాలుగు. మొదలుపెట్టేది శివారు నుంచే.

ఇలా చేసినా దక్కేది సగటున రోజుకు ఆరు మిల్లీమీటర్లే. మొత్తం 1,200 ఎకరాలూ రబీ వరి వేస్తే ఈ వంతులు ఏ ప్రెసిడెంటునూ కాపాడవు. పన్నెండు క్యూసెక్కులకు పండేది 720 ఎకరాల వరి, మిగతాది మినుమో పెసరో మరో ఆరుతడి పంటో. ఈ మాట నారు పోసేముందు సర్వసభ్య సమావేశంలో చెప్పాలి. ఫిబ్రవరిలో పొట్ట దశకొచ్చాక చెప్పినవాడిని ఊళ్లో ఎవరూ క్షమించరు.

ఒక తూము కింద గంటల పంపకం మరీ సులువు. వారంలో 168 గంటలు. తూము కింద 84 ఎకరాలు ఉండి, బోదె నిండడానికి ఆరు గంటలు పడితే మిగిలిన 162 గంటలను 84తో భాగించండి: ఎకరాకు గంటా 56 నిమిషాలు. 1.4 క్యూసెక్కుల తూములో అది ఎకరాకు దాదాపు 68 మిల్లీమీటర్ల నీరు, నీరు నిండుగా ఉన్న వారానికి సరిపోతుంది. పట్టిక తయారుచేసి తూము గోడ మీద రంగుతో రాయాలి. రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే పడకుండా వారం వారం పన్నెండు గంటలు ముందుకు జరపాలి. ఇది మరచిపోయిన చోట వంతులు రెండో వారంలోనే కూలిపోతాయి.

చేపల చెరువుల సంగతి చెప్పకుండా వంతుల లెక్క పూర్తికాదు. పదెకరాల చెరువును మీటరున్నర లోతుకు నింపడానికి 60 వేల ఘనపు మీటర్ల పైన, అంటే దాదాపు 25 క్యూసెక్కు-రోజులు పడుతుంది. సంఘం తల దగ్గర దిగే నీరంతా ఒక రోజంతా ఆ ఒక్క చెరువుకే మళ్లించినట్టు. చెరువుల నింపకం వరద రోజుల్లో, నది నుంచి నీరు సముద్రంలోకి పోతున్నప్పుడే జరగాలని ముందే తీర్మానం ఉండాలి. చెరువు ఖాళీ చేసేటప్పుడు ఆ నీరు పంట బోదెలోకి కాకుండా మురుగు కాలువలోకి పోవాలన్నది కూడా అందులోనే రాయాలి.

కాలువలు కట్టేశాక ఉండేది కొద్ది వారాలే

ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ నీరు. మధ్యలో పరిశీలన, అంచనా, మంజూరు, పని, కొలత అన్నీ అయిపోవాలి. ఈ గొలుసులో ఎక్కువగా తెగేది మంజూరు దగ్గర. మే నెలాఖరుకు అనుమతి వస్తే, పొక్లెయిన్ దిగిన వారానికే నీళ్లొస్తాయి. నీళ్ల కింద పూడిక ఎంత తీశారో ఎవరూ కొలవలేరు. తీసింది కొంత, రాసింది ఇంకొంత. ‘మొక్కుబడి పనులు’ అన్న మాట ఇక్కడినుంచే వచ్చింది. దీనికి విరుగుడు నడక సర్వేను ఫిబ్రవరి, మార్చిలో, నీరు పారుతున్నప్పుడే చేయడం. ఎక్కడ మట్టం తగ్గుతోందో, ఏ తూము కారుతోందో పారే నీటిలోనే తెలుస్తుంది. పనుల జాబితా ప్రాధాన్య క్రమంలో మార్చిలోనే ఏఈ చేతిలో ఉండాలి.

పూడికతీతలో జరిగే అసలు నష్టం తక్కువ తీయడం వల్ల కాదు, ఎక్కువ తీయడం వల్ల. నాలుగు కిలోమీటర్ల కాలువలో 2 మీటర్ల వెడల్పున 30 సెంటీమీటర్లు తీస్తే 2,400 ఘనపు మీటర్లు. కొలత పెరిగితే బిల్లు పెరుగుతుంది కాబట్టి ఎగువన మెత్తటి చోట డిజైన్ అడుగుమట్టం కంటే లోతుగా తవ్వేస్తారు. అప్పుడు కాలువలో నీటిమట్టం దిగిపోతుంది, పక్క తూము గడప పైకి నీరు ఎక్కదు, రైతులు బస్తాలతో అడ్డుకట్ట వేస్తారు, అది దిగువకు పోయే నీటిని ఆపుతుంది. పోసిన డబ్బుతోనే శివారును ఎండగట్టినట్టు. ప్రతి 30 మీటర్లకు తవ్వకముందు, తవ్వాక లెవెల్స్ తీయాలి. తూము గడపల మట్టాలను అదే పట్టికలో రాయాలి. తీసిన మట్టిని గట్టు అంచున కాకుండా వెనక్కి జరిపి పోయించాలి, లేకపోతే తొలి వానకే సగం మళ్లీ కాలువలో ఉంటుంది. గుర్రపుడెక్కను గట్టు మీదే వదలడం కూడా అంతే, వేళ్లతో లాగి ఎండబెట్టి దూరం చేరవేయాలి.

పని సంఘం తరఫున జరిగినా కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో కొలతలు రాసేది ఏఈ, తనిఖీ కొలత పై అధికారిది. సంఘం తన వంతుగా పని జరిగిన ప్రతి చోటా ముందు, తర్వాత ఫొటోలు, పక్కన మీటరు కర్ర పెట్టి తీసి ఉంచుకోవాలి.

తీరువా డబ్బు ఎందుకు చాలదు

నీటి తీరువా (సాగునీటి పన్ను) రేటు తొంభైల్లో ఖరారైంది: మొదటి పంట వరికి ఎకరాకు 200 రూపాయలు, రెండో పంటకు 150, ఆరుతడికి 100, చేపల చెరువుకు 500. మన కేసులో ఖరీఫ్ 1,200 ఎకరాలకు 2,40,000, రబీ వరి 720 ఎకరాలకు 1,08,000, మొత్తం 3,48,000 రూపాయల డిమాండు (రబీ ఆరుతడిని పక్కన పెట్టాం). వసూలు చేసేది రెవెన్యూ శాఖ. చట్టం వచ్చిన తొలినాళ్ల పంపకం ప్రకారం భారీ ప్రాజెక్టుల కింద సంఘానికి 50 శాతం, డిస్ట్రిబ్యూటరీ కమిటీకి 20, ప్రాజెక్టు కమిటీకి 20, గ్రామ పంచాయతీకి 10. చెరువుల కింద అయితే 90 సంఘానికి, 10 పంచాయతీకి. పూర్తిగా వసూలైతే మన సంఘానికి 1,74,000. వసూళ్లు అరవై శాతం దగ్గర ఆగితే 1,04,400. పూడిక 2,400 ఘనపు మీటర్లకు పంచితే ఘనపు మీటరుకు 43 రూపాయలు, తూము తలుపులకు పైసా మిగలదు. పైగా ఆ డబ్బు ట్రెజరీ దాటి సంఘం ఖాతాలో పడేది ఎప్పుడన్నది ఇంకో కథ.

సంఘం చేతిలో ఉన్నది డిమాండు జాబితా సరిచేయడం. పంట నిలబడి ఉండగా రెవెన్యూ, నీటిపారుదల శాఖ, సంఘం ముగ్గురూ కలిసి చేయాల్సిన ఉమ్మడి అజమాయిషీ (పొలాల తనిఖీ) చాలాచోట్ల కాగితాల మీదే జరుగుతుంది. పొలం తిరిగి చూస్తే మూడు రకాల తేడాలు బయటపడతాయి: చెరువుగా మారినా వరి కింద 200 రూపాయలకే ఉన్న సర్వే నంబర్లు, బోరు నీటితో పండుతూ కాలువ తీరువా పడ్డ భూములు, అసలు జాబితాలోనే లేని కొత్త ఆయకట్టు. పదెకరాల చెరువు ఒక్కటి సరిదిద్దితే 3,000 రూపాయల తేడా. బోరు రైతు పేరు తీసేయించడం కూడా సంఘం బాధ్యతే. రావాల్సిన నీరు ఇవ్వకుండా తీరువా అడిగితే, మిగతావాళ్లూ కట్టడం మానేస్తారు.

ఖాతా మీద అధ్యక్షుడి ఒక్క సంతకంతో డబ్బు తీయనివ్వకూడదు. ఏటా ఆడిట్ జరగాలి, ఆదాయ వ్యయాలు సర్వసభ్య సమావేశంలో చదవాలి. ఓచరు లేని ‘కూలీలకు నగదు’ పద్దులు, పనికంటే ముందు తేదీతో బిల్లులు, ఆడిట్‌లో తరచూ తగిలే అభ్యంతరాలు ఇవే.

తగాదాలు, బాధ్యతల అప్పగింత

సభ్యుల మధ్య నీటి తగాదా వస్తే పాలకవర్గం పదిహేను రోజుల్లో తేల్చాలి. ఒప్పుకోనివారు మరో పదిహేను రోజుల్లో డిస్ట్రిబ్యూటరీ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. పంట దశలో పదిహేను రోజులంటే చాలా ఎక్కువ. అందుకే ‘ముందు నీరు, తర్వాత తీర్పు’ పద్ధతి పాటించే సంఘాలు నయం: ఫిర్యాదు వచ్చిన రోజే గేజీ, శివారు మట్టం చూసి తాత్కాలికంగా వంతు సర్దుతారు, అడ్డుకట్ట వేసినవారి విచారణ తర్వాత జరుపుతారు. ఫిర్యాదు నోటిమాటగా వచ్చినా పుస్తకంలో తేదీ, సమయం, తూము నంబరు రాయాలి. ‘మనవాడే కదా, రాయడమెందుకు’ అని వదిలేసిన గండి కేసులే తర్వాత పోలీసు స్టేషను దాకా వెళ్తాయి.

పాలకవర్గం గడువు తీరాక కొత్త ఎన్నికలు ఏళ్ల తరబడి జరగకపోవడం మన రాష్ట్రంలో కొత్త కాదు. ఆ మధ్యకాలంలో పోయేవి కాగితాలే. దిగిపోయే కమిటీ ఏఈ సమక్షంలో అప్పగించాల్సినవి: సాగుదారుల పేర్లతో వంతుల జాబితా, గేజీ పుస్తకాలు, తూము గడపల మట్టాల పట్టిక, తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు, ఆడిట్ నివేదికలు, తూము తాళాలు. బ్యాంకులో సంతకాలు మార్చేదాకా పాత అధ్యక్షుడి పేరుతో చెక్కులు చెల్లకుండా బ్యాంకుకు అదే రోజు లేఖ ఇవ్వాలి. లెవెల్స్ పట్టిక ఇంకో ప్రతిని సెక్షన్ ఆఫీసులో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోవాలి, ఎందుకంటే కొత్త కమిటీ తొలి పూడికతీతకు అవసరమయ్యేది ఆ కాగితమే.